ఇంటికొక గెనుసు, బజారుకొక గెనుసు

పెనుకొండలో బస్సు మారి, మా ఊరి అడ్డరోడ్డులో దిగి పది అడుగులు వేశానో లేదో, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. దారికి రెండు పక్కలా కోళ్ల ఎరువు. కోళ్ల ఫారాల్లోంచి లారీలతో తెచ్చి దింపిన పచ్చి పెంట, గుట్టలు గుట్టలుగా పడి ఉంది. తడిసి బంకబంకగా ఉన్న ఆ గుట్టల్లో ఈకలు, పగిలిన గుడ్ల పెంకులు, ఒకచోట చచ్చిన కోడిపిల్ల కాళ్లు కూడా కనిపించాయి. మీద ఈగలు ఎంత దట్టంగా ఉన్నాయంటే, నేను పక్కనుంచి పోతుంటే గుట్టే లేచి మళ్లీ కూర్చున్నట్టు అనిపించింది. నేను పల్లెలో పుట్టినదాన్ని. పేడకళ్లు ఎత్తాను, గొర్రెల దొడ్డి ఊడ్చాను, పెంటదిబ్బ మీద గంపలు కుమ్మరించాను. ఎరువు వాసనకు ముక్కు చిట్లించే పట్నం మనిషిని కాను. కానీ ఇది ఎరువు వాసన కాదు, శుద్ధ కుళ్లు కంపు. ధర్మవరంలో నా ఇంటికి తిరిగి వచ్చాక ఆ కొంగును రెండుసార్లు ఉతికినా దుర్వాసన పోలేదు.

నేను పోయింది గెనుసుగడ్డల కోసం, అదే చిలగడదుంపల కోసం. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరై ఒక్కదాన్నే ఉంటున్నాను. మా వీధిలో అన్నీ మగ్గాల ఇళ్లే. శివరాత్రి నాడు ఉపవాసం ఉన్న ఆడవాళ్లకు గెనుసుగడ్డలు ఉడకబెట్టి ఇవ్వడం నాకు ఎన్నో ఏళ్లుగా అలవాటు. పొద్దు గుంకే వేళకు పళ్లెం పట్టుకుని వాళ్లే వస్తారు. పోయినేడు బజారులో తెచ్చిన గడ్డలు చూడ్డానికి నిగనిగలాడుతూ ఉండె, ఉడికించాక సబ్బుముక్క నమిలినట్టుండె. పక్కింటి రత్నమ్మ మర్యాదకు మింగి "బాగుండాయక్కా" అంది. ఆమె మింగడానికి పడిన తిప్పలు చూసి నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి మా చేని నుంచే తెచ్చుకుందామని బయల్దేరాను. మా చేను అంటున్నాను గానీ, దాన్ని ఇప్పుడు మా చిన్నాయన కొడుకు నాగభూషణం సేద్యం చేస్తున్నాడు.

నాగభూషణం మంచివాడే. నన్ను చూసి ఎదురొచ్చి, సంచి అందుకుని, "ఏమక్కా, ముక్కు మూసుకున్యావు?" అని నవ్వాడు.

"ఈ కంపులో ఎట్ల బతుకుతాండారప్పా?"

"అలవాటైపాయ. వారం దినాలుంటే నీకూ వాసన తెలీదు."

చేను చూపించాడు. ఒక పక్క ముల్లంగి, ఒక పక్క క్యారెట్, ఆ పక్కన గెనుసు. నాగభూషణం ఒక ముల్లంగిని పీకి చేతికిచ్చాడు. నా మోచేయంత ఉంది, తెల్లగా, మచ్చలేకుండా. విరిచి చూస్తే లోపల బెండు. నడిమధ్య దూది కూరినట్టు పొడిపొడిగా ఉండి, చుట్టూ నీళ్లు కారుతూ ఉంది. నోట్లో వేసుకుంటే ముల్లంగి ఘాటు లేదు, తీపి లేదు, ఏమీ లేదు. క్యారెట్లు పీకినచోట పక్కనే పారేసిన కుప్ప ఒకటి ఉంది. ఒక్కో గడ్డకు రెండేసి మూడేసి కాళ్లు చీలి, ఒళ్లంతా వెంట్రుకల్లాంటి వేర్లు. మగ్గని ఎరువు వేసిన మన్నులో గడ్డ నేరుగా దిగదు, తగిలినచోటల్లా చీలుతుంది. అలా చీలినవాటిని బజారు తీసుకోదు. నేరుగా ఉన్నవాటిని హిందూపురం మీదుగా బెంగుళూరు పంపడానికి కడుగుతున్నారు. కడిగే గుంత చూశాక ఇక నా జన్మలో పచ్చి క్యారెట్ తినకూడదనుకున్నాను. నీళ్లు పచ్చగా, మీద తెట్టు కట్టి, అదే కోళ్ల పెంట అంటిన కాళ్లతో దిగి తొక్కి తొక్కి కడుగుతుంటే గడ్డలు మాత్రం నారింజ రంగులో మెరుస్తూ బయటికొస్తున్నాయి. వాటిని ఎవరో తల్లి పిల్లల డబ్బాలో ముక్కలు కోసి పెడుతుంది కదా అనిపించింది.

ఆ తర్వాత ఇంటి వెనక్కు తీసుకుపోయాడు. అక్కడ కంపకట్టెల కంచె లోపల రెండు మంచాలు వేసేంత మడి. అక్కడ కంపు లేదు. మన్ను ఎర్రగా, పొడిపొడిగా ఉంది. తీగలు పెద్దగా లేవు. సాళ్ల మీద బూడిద చల్లి ఉంది. ఆ బూడిదను చూడగానే నా కాళ్లు అక్కడే నిలిచిపోయాయి.

"ఇదేందప్పా?"

"ఇది మా ఇంటికక్కా," అన్నాడు నాగభూషణం ఏమాత్రం తడబాటు లేకుండా. "దీంట్లో కోళ్ల పెంట, మందు ఏయము. మాగిన పేడ, పొయ్యిలో బూడిద, అంతే. మా పాపకు ఆ గడ్డ పెడితే వాంతి చేసుకుంటాది."

వాడికి తెలుసు. తెలియక చేస్తున్న తప్పు కాదు అది. తన పాప కక్కుకునే గడ్డనే పరాయి ఊళ్ల పిల్లలకు లారీలకెత్తి పంపుతున్నాడు. థూ అని మొహం మీదే అనేదాన్ని, కానీ వాడే ముందు మాట్లాడాడు.

"అట్ల చూస్తాండావేమక్కా? మంద కట్టించేకి గొర్రెలోడు యాడుండాడు ఇప్పుడు? ఎరువు మాగేదాకా నేను కూచుంటే బెంగుళూరు లారీ నిలబడతాదా? వాళ్లు గడ్డ లావు చూస్తారు గానీ కొరికి చూస్తారా? అయినా మనింట్లో పేడ మాన్పించింది అవ్వే కదా. పచ్చి పేడేసి మడంతా చెడగొట్టిందంట, శివరాత్రికి ఊరికి ఒక్క గడ్డ లేకుండా చేసిందంట. ఆ పొద్దు నుంచే మందుకు తగులుకుంటిమని మా నాయన చెప్తాండె."

ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలిసిన మనిషిని ఇప్పుడు భూమ్మీద నేను ఒక్కదాన్నే ఉన్నాను.

అవ్వ అంటే మా నాయన తల్లి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె పొద్దున లేచి చేసే మొదటి పని పొయ్యి దగ్గరే. అయితే అది వంట కాదు, బూడిద పని. రాత్రి చల్లారిన బూడిదను చేటలోకి ఎత్తి, జల్లెడ పట్టి, బొగ్గులు ఏరి ఒక పక్కన పెట్టి, మెత్తని బూడిదను నోరు విరిగిన పాత కుండల్లో నింపేది. మా అమ్మ పొరపాటున పొయ్యి మీద నీళ్లు ఒలికించిందంటే ఆ పూట ఇంట్లో అందరికీ తిట్లే. ఆ బూడిదంతా అవ్వ మడికి. ఎద్దులతో నీళ్లు తోడే మా కపిలి బావి కింద వరి మళ్లు నాయనవి, వాటి పక్కనున్న ఎర్ర గరుసు నేల అవ్వది. కాగితం మీద కాదులెండి, మాట మీద. దాంట్లో ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో ఆమె చెప్పినట్టే జరిగేది. ఎండాకాలంలో కనగానపల్లి దిక్కు నుంచి గొర్రెల మందలు వచ్చేవి. అవ్వ కాపరులకు కబురు పెట్టి ఆ మడిలో మంద కట్టించేది. గొర్రెలు పడుకున్నన్ని రోజులూ కాపరులకు మా ఇంటి నుంచే రాగిసంకటి, వేరుశనగ ఊరిబిండి పోయేవి. పొద్దున పోయి చూస్తే మడంతా నల్లటి మిరియాలు ఆరబోసినట్టు గొర్రెల పెంటికలు. నాకు ఆ వాసన బాగుండేది. వెచ్చగా, కొంచెం పాల వాసన కలిసినట్టు ఉండేది.

కానీ ఆ ఎరువు మీద వెంటనే గడ్డ పెట్టేది కాదు అవ్వ. వానలు పడాలి, రాగి పైరు ఒకటి ఎత్తాలి, మన్ను మళ్లీ మన్నుగా మారాలి, అప్పుడు కార్తీకంలో గెనుసు తీగ నాటేది. ఒక్కోసారి మడిలో కూర్చుని పిడికెడు మన్ను నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేది, నా ముక్కు దగ్గరా పెట్టేది. "ఇంకా పెంట వాసన వస్తాండాది మే. మన్ను వాసన రావల్ల, అప్పుడే గడ్డకు నోరూరతాది" అనేది. గడ్డకు నోరూరడమేమిటని నేను నవ్వేదాన్ని. ఆమె దగ్గర పొగాకు వాసన, బూడిద వాసన, తడి మన్ను వాసన ఎప్పుడూ కలిసే ఉండేవి. ఆ మూడూ కలిసిన వాసన మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు.

శివరాత్రికి ముందు రోజు గడ్డలు తవ్వడం మా ఊళ్లో ఒక సంబరం. ఉపవాసం ఉండే ఇళ్ల వాళ్లందరూ గంపలు తెచ్చుకునేవాళ్లు. ఎవరికీ లేదనేది కాదు అవ్వ. పిడికిలి కంటే పెద్దవి కావు ఆ గడ్డలు. ఎర్రటి తోలు, లోపల లేత పసుపు. కుండ అడుగున ఎండుగడ్డి పరిచి, చారెడు నీళ్లు పోసి, గడ్డలు పేర్చి, మూతి గట్టిగా మూసి సన్నటి సెగ మీద ఉడికిస్తే తోలు పగిలి పాకం కారేది. బెల్లం అక్కర్లేదు. పొద్దుటి నుంచి పచ్చి గంగ తాగని ముసలివాళ్లు ఆ గడ్డ నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవాళ్లు.

నేను పెనుకొండ హైస్కూల్లో పదో తరగతికి వచ్చాను. సైన్సు అయ్యవారు మొక్కలు ఏం తింటాయో పాఠం చెప్పారు. నత్రజని ఉంటే ఆకు నల్లబడేంత పచ్చగా వస్తుందని, అది యూరియాలో ఉంటుందని చెప్పారు. గడ్డకు కావాల్సింది పొటాష్ అని, అది బూడిదలో ఉంటుందని కూడా చెప్పే ఉంటారు. నా బుర్రకు పచ్చదనం వరకే ఎక్కింది. ఇంటికొచ్చి చూస్తే అవ్వ మడిలో తీగలు లేత ఆకుపచ్చగా, బక్కగా ఉన్నాయి. పక్కన నాయన వరి మాత్రం నిగనిగలాడుతోంది. చదువుకున్నదాన్ని కదా, అవ్వకు తెలియనిది నేను చేసి చూపించాలని పౌరుషం పుట్టింది. ఇంట్లో వాళ్లు సంతకు పోయిన ఒక పొద్దున, వరికి తెచ్చిన మూటలోంచి సత్తు గిన్నెతో యూరియా తీసుకుని మడంతా చల్లాను. ఒకసారి కాదు, మూడు గిన్నెలు. చెమట చేతికి తెల్లటి పలుకులు తగిలి చల్లగా జిల్లుమంది. ఆ చల్లదనం నాకిప్పటికీ అరచేతిలో ఉంది. గట్టు పక్క సాలు దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయింది. ఆ ఒక్క సాలు మిగిలిపోయింది.

పక్షం రోజుల్లో తీగలు ఎగదన్నాయి. మోకాలి లోతు ఆకు. దారినపోయే వాళ్లు ఆగి, "ఏమవ్వా, ఈ యేడు బండ్లకెత్తాల్సిందే" అన్నారు. నాయన మీసం మెలేశాడు. నేను లోపల ఉబ్బిపోయాను. అవ్వ మాత్రం ఒకరోజు ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపింది, తీగ ఎత్తి కింద మన్ను చూసింది, ఆ తర్వాత నా వైపు చూసింది. అంతే. రోజూ పోయి, కణుపుల దగ్గర వేళ్లు దిగకుండా ఆ తీగలను ఎత్తి తిప్పి వేస్తూనే ఉంది. కొత్త చిగుళ్లు మాత్రం ఆగలేదు.

తవ్వే రోజు వచ్చింది. ఊరివాళ్లు గంపలతో గట్టు మీద కూర్చున్నారు. నాయన మొదటి గడ్డపార వేసి తీగ లాగాడు. వచ్చింది గడ్డ కాదు. ఎలుక తోకల్లాంటి నారవేర్లు. ఇంకోచోట తవ్వితే ఒకటి రెండు ఉబ్బిన గడ్డలు, నిలువునా పగిలి, పగుళ్లలో పురుగులు. విరిస్తే నీళ్లు కారి, పచ్చి కంపు. అంత పచ్చటి ఆకు కింద ఇంత రోత ఉందని నేను కలలో కూడా అనుకోలేదు. నాయన మొహం ఎర్రబడింది. అందరి ముందూ గడ్డపార పారేసి, "ఎవురు చేసినారిది?" అని అరిచాడు.

నేను నోరు తెరవాలి. తెరవలేదు.

అవ్వ నన్ను చూడకుండా, "నేనేలే" అంది. "పచ్చి పేడ ఏసినా. కండ్లు కనపడల్యా, మాగిందో లేదో తెల్యకపాయ. వయసైపాయ నాయనా, తిడితే తిట్టు."

నాయన తిట్టాడు. ఎవరూ తల్లిని అనకూడని మాటలే అన్నాడు. ఆ మాటలు నాకు రావాల్సినవి. నేను గట్టు మీద నిలబడి విన్నాను. తిట్లన్నీ అయ్యాక అవ్వ నింపాదిగా లేచి, ఆ గట్టు పక్క సాలు తవ్వమంది. దాంట్లో ఒక గంపెడు మంచి గడ్డలు వచ్చాయి, ఎప్పటిలాంటివే. ఒక్కటి కూడా ఇంటికి తేలేదు. ఉపవాసం వాళ్లకు తలా రెండేసి పంచి, పురుగులు పట్టినవీ నారవీ మా గంపలో వేసుకుంది. మరునాడు మా ఇంట్లో ఉడికినవి అవే. నాయన బెల్లం పెట్టుకుని రెండు ముక్కలు తిని లేచాడు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకుని బయటికి పోయి ఊసేశాను. అవ్వ పళ్లు లేని నోటితో నమిలి నమిలి, నారలు ఒక్కొక్కటే నోట్లోంచి లాగి కంచం అంచున వరసగా పెట్టుకుంటూ మొత్తం తినింది.

తర్వాత జరిగింది ఇంకా హీనం. పేడ పెంటను నమ్ముకుంటే ఇట్లే అవుతుందని నాయన తీర్మానించుకున్నాడు. మడిని అవ్వ చేతిలోంచి తీసేసుకున్నాడు. మంద కట్టించడం ఆపేశాడు. మందు మూటలు వచ్చాయి. యూరియా తప్పు చేస్తే శిక్ష పేడకు పడింది, నేను తప్పు చేస్తే శిక్ష అవ్వకు పడింది. నాలుగు మాటలు చెబితే ఆగేది. ఒక పూట తిట్లు తినాల్సి వస్తుందని చెప్పలేదు. ఇన్నేళ్లు పిల్లలకు నీతులు చెప్పి జీతం తీసుకున్న మనిషిని నేను. నన్ను తలుచుకుంటే నాకే ఏవగింపు.

మడి పోయినా అవ్వ బూడిద జల్లించడం మానలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. కుండలు గోడ వెంట వరసగా పెరిగిపోయాయి. ఆమె పోయిన తర్వాత ఇల్లు శుభ్రం చేస్తూ ఆ కుండలన్నీ దొడ్డి వెనక పారబోసింది నేనే. గాలికి మెత్తటి బూడిద లేచి నా మొహం మీద, తల మీద పడింది.

ఇదంతా ఇంటి మడి దగ్గర నిలబడి నాగభూషణానికి చెప్పాను. "అవ్వ కాదప్పా, నేను. యూరియా చల్లింది నేను" అన్నాను. ఇన్నేళ్లు మోసిన మాట. వాడు విని, నవ్వి, "ఎవురైతే ఏముండాది లేక్కా, అంతా మునిగిపోయిన సంగతి" అని సంచిలో గడ్డలు నింపే పనిలో పడ్డాడు. చేని గడ్డలు సంచి నిండా పోసి, పైన ఇంటి మడిలోవి ఒక ఆరు పెట్టాడు. "పైనవి నీకు. అడుగువి మీ వీధోళ్లకు ఇచ్చుకో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను ఆ సంచి తీసుకుని, ఆ పెంటగుట్టల మధ్య నుంచే మళ్లీ ముక్కు మూసుకుని నడిచి వచ్చాను.

శివరాత్రి నాడు మధ్యాహ్నం పెద్ద కుక్కర్లో చేని గడ్డలు పెట్టాను. లావుగా, నున్నగా, ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. కోస్తుంటే నీరు, లోపల నార. చిన్న గిన్నెలో ఆ ఆరు గడ్డలు విడిగా పెట్టాను. మూత తీసినప్పుడు ఇల్లంతా వాసన. తోలు పగిలి పాకం కారింది. వాటిని ఒక కంచంలో పెట్టి, మూత వేసి, వంటింటి అలమరలో లోపలికి జరిపాను. పెద్దవాటిని వీధిలోకి పంచడానికి గంపలో సర్దాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే చేసింది.

పొద్దు వాలాక రత్నమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. రోజంతా మగ్గం మీద కూర్చుంది, నోట్లో చుక్క నీళ్లు పోసుకోలేదు, పెదవులు ఎండిపోయాయి. గంపలోంచి ఒక గడ్డ తీసి ఆమె పళ్లెంలో పెట్టబోయి, నా చేతిని నేను చూసుకున్నాను. నాగభూషణం చెయ్యి అది. వాడి మొహాన ఉమ్మాలనుకున్నది నేనే, నిన్న గాక మొన్న. గడ్డ గంపలో పడేశాను. "ఉండమ్మా" అని లోపలికి పోయి అలమర తెరిచి, మూత తీసి, ఆ ఆరు చిన్న గడ్డలూ తెచ్చి ఆమె పళ్లెంలో పెట్టాను.

రత్నమ్మ పళ్లెం చూసింది, గంపలో నిగనిగలాడే పెద్ద గడ్డలు చూసింది, నన్ను చూసి నవ్వింది. "ఏమక్కా, నాకు గులకరాళ్లంతవి ఏస్తివి, లావువన్నీ నీకు దాచిపెట్టుకుంటివా?"

చెప్పొచ్చు. ఇంటి మడి, బజారు మడి, బూడిద, అన్నీ చెప్పి మంచిదాన్ననిపించుకోవచ్చు.

"అవునమ్మా," అన్నాను. "లావువి నాకే."

ఆమె నవ్వుకుంటూ పోయింది. మిగతా వాళ్లు వచ్చినప్పుడు ఈసారి గడ్డలు బాగాలేవని చెప్పి, అరటిపండ్లు చేతిలో పెట్టి పంపాను. ఆ తర్వాత గంప ముందు కూర్చుని, ఒక గడ్డ ఒలిచి తినడం మొదలుపెట్టాను. ఊసేయలేదు. నారలు నోట్లోంచి లాగి కంచం అంచున పెట్టుకుంటూ పోయాను.